సున్నాతో భాగిస్తే ఆగాలా, సాగాలా?

లినక్సులో ఓ చిన్న సీ ప్రోగ్రాము రాసి 1.0ని 0.0తో భాగించండి. కంప్యూటరు కిమ్మనదు. జవాబు అనంతం అని చెప్పేసి తన దారిన తను పోతుంది. ఇప్పుడు ఆ చుక్కలు తీసేసి మామూలు పూర్ణాంకాలతో అదే లెక్క చెయ్యండి. ఇంటెల్ ప్రాసెసరు మీదయితే ప్రోగ్రాము అక్కడికక్కడే చచ్చిపోతుంది. పోతూ పోతూ చెప్పే మాటేంటో తెలుసా? "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్"! అసలు ఫ్లోటింగ్ పాయింటు లెక్కలో రాని సందేశం, దానితో సంబంధమే లేని లెక్కలో వస్తుందన్నమాట. అంకగణితం తప్పులన్నిటికీ యూనిక్సు ఒకే సిగ్నల్ పెట్టింది, దానికి ఆ పేరు అలా ఉండిపోయింది.

ఈ తేడా వెనక చాలా పెద్ద వాదనే ఉంది.

1980ల ముందు ఏ కంప్యూటరు తీరు దానిది. డెక్ వాళ్ళ వ్యాక్స్‌లో సున్నాతో భాగిస్తే ట్రాప్, అంటే లెక్క ఆపేసి ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలవడం. సీడీసీ 6600లోనేమో అనంతానికీ, అర్థంలేని జవాబుకీ విడివిడిగా రూపాలుండేవి. ఒకచోట నడిచిన ప్రోగ్రాము ఇంకోచోట కూలబడేది. ఇంటెల్ 8087 చిప్పు (1980) కోసం పనిచేసిన బర్కిలీ ప్రొఫెసర్ విలియమ్ కహాన్ ఈ గందరగోళాన్ని సర్దడంలో ముఖ్యుడు. 1985లో వచ్చిన ఐ-ట్రిపుల్-ఈ 754 ప్రమాణంలో ఆయన ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. 1989లో ట్యూరింగ్ అవార్డు కూడా ఇచ్చారు.

ఆ ప్రమాణం ఐదు రకాల ఇబ్బందుల్ని గుర్తించింది: అర్థంలేని లెక్క, సున్నాతో భాగహారం, జవాబు మరీ పెద్దదవడం, మరీ చిన్నదవడం, కచ్చితంగా ఇమడకపోవడం. ఏది జరిగినా డిఫాల్టు ఒకటే: ఏదో ఒక సబబైన జవాబిచ్చి, పక్కన ఒక జెండా ఎత్తి, ముందుకు సాగిపో. ప్రోగ్రామే దించేదాకా ఆ జెండా అలాగే ఉంటుంది. ఆగడం కావాలంటే విడిగా అడగాలి.

ఎందుకలా? సమాంతరంగా కలిపిన రెండు రెసిస్టర్ల సూత్రం గుర్తుందిగా, విలోమాలు కూడి మళ్ళీ విలోమం తియ్యడం. ఒక రెసిస్టరు విలువ సున్నా అయితే దాని విలోమం అనంతం. అనంతానికి ఎంత కూడినా అనంతమే, దాని విలోమం సున్నా. షార్ట్ సర్క్యూట్‌కి సరైన జవాబు అదే! మధ్యలో ఆపేసి ఉంటే ఆ జవాబు వచ్చేదే కాదు.

అయితే ప్రమాణం రాసినంత మాత్రాన అయిపోలేదు. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ఏ ట్రాప్ మూసి ఉంచాలో చెప్పేది ఆపరేటింగ్ సిస్టమూ, భాష తాలూకు రన్‌టైమూను. లినక్సు అన్నీ మూసేసింది. మైక్రోసాఫ్ట్ సీ రన్‌టైమూ అంతే. విండోస్ మీదే డెల్ఫీ మాత్రం చాలా ఏళ్ళు వాటిలో మూడు తెరిచే ఉంచింది. దాంతో సీలో రాసిన డీఎల్‌ఎల్, డెల్ఫీ ప్రోగ్రాములోకి రాగానే కూలిపోయిన సందర్భాలు బోలెడు. పైథాన్ కూడా నాన్-స్టాప్ పద్ధతే కావాలని పట్టుబట్టి, ఫ్రీబీఎస్‌డీ మీద మొదలవగానే ట్రాప్‌ని మూసే కోడు మెయిన్‌లో పెట్టుకుంది.

ఇక "ఆగిపో" అన్న నియమం ఎంత పని చేసిందో చూడండి. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం. దిశ చెప్పే యూనిట్‌లో 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంగా మారుస్తుంటే, అది పట్టలేదు. ఎక్సెప్షన్ వస్తే ప్రాసెసరు ఆపెయ్యాలన్నది అక్కడి నియమం. ముందు బ్యాకప్ యూనిట్ ఆగింది, వెంటనే అసలుదీ ఆగింది. అది పంపిన డయగ్నొస్టిక్ సమాచారాన్ని ప్రధాన కంప్యూటరు నిజమైన దిశ అనుకుని రాకెట్‌ని తిప్పేసింది. 40 సెకన్లయినా కాకుండానే, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా అంతా ముక్కలైపోయింది. అన్నిటికంటే బాధాకరమైనది: ఆ లెక్క ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది, ఏరియాన్ 5కి నేల వదిలాక దానితో పనే లేదు! ఇలాంటి ప్రమాదం ఉన్న వేరియబుల్స్ ఏడుంటే, కంప్యూటరు మీద భారం 80 శాతం దాటకూడదని నాలుగింటికే రక్షణ పెట్టారు.

754 డిఫాల్టు పాటించి ఉంటే రాకెట్ బతికేదని కహాన్ వాదించాడు. ఒప్పుకోవాల్సిందే, ఎవరూ వాడని చోట ఒక తప్పు అంకె పడి ఉండేది, అంతే.

కానీ సాగిపోవడమూ ఊరికే రాదు. సున్నాని సున్నాతో భాగిస్తే వచ్చే "నాన్" (సంఖ్య కానిది) దేనితో పోల్చినా, పెద్దదా చిన్నదా అంటే లేదనే అంటుంది. "పీడనం హద్దు దాటితే ఆపు" అని రాసిన చోట పీడనం నాన్ అయితే ఆ ఆపడం ఎప్పటికీ జరగదు. "హద్దు లోపల ఉంటేనే నడుపు" అని రాస్తే బతుకుతాం.

అసలు ఒప్పందంలో రెండు సగాలున్నాయి: సాగిపో, జెండా ఎత్తు. మొదటి సగం అందరూ తీసుకున్నారు. రెండోది సీ భాషలో ప్రమాణంగా రావడానికి 1999 దాకా పట్టింది. జావా అయితే జెండాల జోలికే వెళ్ళలేదు. డిఫాల్టుని తిట్టేవాళ్ళు ఇది మర్చిపోతుంటారు. నా మటుకు నాకు ఆ డిఫాల్టే సరైనది. పెద్ద లెక్క పూర్తయ్యాక ఆ జెండా వైపు ఒక్కసారి చూడటానికి పట్టేది ఒక్క లైను కోడు. మీరు రాసిన వాటిల్లో ఆ లైను ఎన్నిట్లో ఉందో ఓసారి వెతికి చూడండి.