తుల్చా జిల్లా

తుల్చా జిల్లా రుమేనియా దేశపు ఆగ్నేయ భాగంలో, నల్ల సముద్ర తీరాన గల ఒక జిల్లా. చారిత్రక దోబ్రుజా ప్రాంతంలోని ఉత్తర భాగం దీని పరిధిలోకి వస్తుంది. జిల్లా ముఖ్యపట్టణం తుల్చా. వైశాల్యం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 1,93,355. అనగా చదరపు కిలోమీటరుకు 23 మంది మాత్రమే. రుమేనియాలో ఇంత తక్కువ జనసాంద్రత గల జిల్లా మరొకటి లేదు.

భౌగోళిక స్వరూపం

జిల్లాకు పడమర, ఉత్తర దిక్కులలో డాన్యూబ్ నది, తూర్పున నల్ల సముద్రం, దక్షిణాన కాన్‌స్టాంట్సా జిల్లా ఉన్నాయి. పశ్చిమాన ఉన్న మచిన్ కొండలు దేశంలోని అతి ప్రాచీన పర్వతాలలో చేరతాయి. కోట్ల సంవత్సరాల కోతకు అరిగిపోయి, నేడు వీటి అత్యున్నత శిఖరం ఎత్తు 467 మీటర్లు మాత్రమే. విచిత్రమేమంటే, దేశంలో అతి పురాతనమైన ఈ భూమికి పక్కనే అతి నూతనమైన భూమి, అనగా డాన్యూబ్ డెల్టా, ఉన్నది. నది తెచ్చే ఒండ్రుతో ఏర్పడిన భూమి ఇది.

తుల్చా పట్టణ సమీపంలో డాన్యూబ్ చీలి కిలియా, సులీనా, స్ఫింతు గెయోర్గె అను మూడు పాయలుగా సముద్రంలో కలుస్తుంది. ఉత్తరపు పాయ కిలియా ఉక్రెయిన్‌తో సరిహద్దు. నీటిలో అధిక భాగం దీని గుండానే పోతుంది. నడిమి పాయ సులీనా ఓడల మార్గం. 1856లో ఏర్పడిన ఐరోపా డాన్యూబ్ కమిషన్ ఆధ్వర్యంలో ఈ పాయ వంపులను కత్తిరించి తిన్నగా చేశారు. ఈ పని 1902లో ముగిసింది. ఓడలకు దూరం తగ్గింది గాని, పాత వంపుల మీది గ్రామాలు ప్రధాన మార్గానికి దూరమయ్యాయి. వాటిలో ఒకదాని పేరు మిలా 23. పాత నదీమార్గంలో సముద్రం నుండి 23వ మైలు వద్ద ఉండుటచే ఆ పేరు వచ్చింది. దారి మారినా పేరు నిలిచింది. ఒలింపిక్ పడవ పందేలలో నాలుగు స్వర్ణ పతకాలు గెలిచిన ఇవాన్ పత్సాయ్‌కిన్ (1949–2021) జన్మస్థలం ఇదే.

పాయ చివర ఉన్న సులీనా పట్టణానికి నేటికీ రోడ్డు లేదు, పడవలోనే వెళ్లాలి. అక్కడి శ్మశానంలో క్రైస్తవ శాఖలకు, ముస్లిములకు, యూదులకు వేర్వేరు భాగాలు ఉండటం ఓడరేవు నాటి వైభవానికి గుర్తు. డెల్టా 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ప్రజలు

1878 బెర్లిన్ ఒప్పందం వరకు ఈ ప్రాంతం ఉస్మానియా సామ్రాజ్యంలో ఉండేది. బాబాదాగ్ పట్టణంలో 13వ శతాబ్దపు దర్వేషు సారీ సాల్తుక్ సమాధి ఉన్నది. టర్కీ వారి సంఖ్య తగ్గినా, ఆ ఊరు వారి ముఖ్య నివాసాలలో ఒకటి.

ఈ జిల్లాకు ప్రత్యేకత తెచ్చిన వర్గం లిపోవన్లు. 17వ శతాబ్దంలో రష్యాలో పాట్రియార్క్ నికోన్ చేసిన మత సంస్కరణలను అంగీకరించని పాత విశ్వాసుల వంశీయులు వీరు. రెండు వేళ్లతో శిలువ గుర్తు వేసుకోవాలా, మూడు వేళ్లతోనా అన్నది నాటి వివాదాలలో ఒకటి. బయటి వారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చును గాని, దాని కొరకు వారు దేశం విడిచారు. జురిలోవ్కా, సారికియోయ్, కార్కాలియు మొదలగు గ్రామాలలో వీరు స్థిరపడ్డారు. చేపల వేట ప్రధాన వృత్తి. 2002 లెక్కలలో జనాభాలో రుమేనియన్లు సుమారు 90 శాతం, లిపోవన్లు సుమారు 6 శాతం. 1775లో జపరోజియా కోట నాశనమైన పిదప వచ్చిన కొసాకుల సంతతివారైన ఉక్రేనియన్లు డెల్టా గ్రామాలలో ఉన్నారు. గ్రెచీ గ్రామానికి రాతి గనులలో పనికై ఇటలీ నుండి వచ్చిన కుటుంబాలు చేరాయి.

ఇక్కడి నుండి వెళ్లిపోయిన వారూ ఉన్నారు. 1940లో జర్మన్ రైతులు జర్మనీకి తరలింపబడ్డారు. అదే సంవత్సరం క్రయోవా ఒప్పందం ప్రకారం బల్గేరియన్లు దక్షిణ దోబ్రుజాకు పంపబడ్డారు. వారి స్థానంలో అక్కడి రుమేనియన్లు వచ్చారు.

జనాభా క్షీణత

1992లో 2,70,997గా ఉన్న జనాభా 2002లో 2,56,492కు, 2011లో 2,13,083కు తగ్గింది. మూడు దశాబ్దాలలో నాలుగో వంతుకు పైగా తరుగుదల! యువకులు పనికై పశ్చిమ ఐరోపాకు పోవడం, జననాలు తగ్గడం దీనికి కారణాలు. డెల్టా గ్రామాలలో చలికాలపు రాకపోకల కష్టం కూడా తోడైంది.

రవాణా

2023 జూలైలో బ్రయీలా వద్ద డాన్యూబ్‌పై వేలాడే వంతెన ప్రారంభమైంది. అంతకు ముందు అక్కడ మచిన్ వైపు వెళ్లే వాహనాలు బల్లకట్టుపై నది దాటేవి.