ఖాళీ పిన్నుల పుట్టుపూర్వోత్తరాలు

వాల్వుల రోజుల్లో ఎన్ని యాంప్లిఫయర్లు కావాలంటే అన్ని వాల్వులు బిగించేవారు, మిగులు పెద్దగా ఉండేది కాదు. ఒకే చిప్‌లో నాలుగేసి, ఆరేసి సర్క్యూట్లు ఇమిడ్చి అమ్మడం మొదలయ్యాకే, మనకు మూడే చాలినప్పుడు నాలుగోదాని ఇన్‌పుట్లను ఏం చెయ్యాలన్న ప్రశ్న పుట్టింది. ఖాళీ పిన్నులన్నిటినీ గ్రౌండుకు కలిపేస్తే సరిపోతుందనే నమ్మకం ఇప్పటికీ బలంగా ఉంది. ఆడియో బోర్డుల్లో అది చాలాసార్లు తప్పు.

1960ల మధ్యలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన టీటీఎల్ చిప్‌లు కొంత ఉదారంగా ఉండేవి. ఇన్‌పుట్‌ను ఊరికే వదిలేసినా అది ‘హై’ కిందే లెక్క. దాంతో వదిలెయ్యడం చాలామందికి అలవాటైపోయింది. 1968లో ఆర్‌సీఏ విడుదల చేసిన 4000 వరుస సీమాస్ చిప్‌లతో ఆ అలవాటు బెడిసికొట్టింది. సీమాస్ ఇన్‌పుట్ వెనుక ఉండేది ఆక్సైడ్ పొర మీది గేటు. దాంట్లోకి కరెంటు దాదాపు పోదు, కాబట్టి వదిలేసిన పిన్ను దగ్గరలోని కరెంటు తీగల హమ్ముకీ, వేలి స్పర్శకీ కూడా ఊగిపోతుంది. ఆ ఊగులాటలో వోల్టేజి నడిమధ్యకు వస్తే పైనా కిందా ఉన్న రెండు ట్రాన్సిస్టర్లూ ఒకేసారి తెరుచుకుంటాయి, చిప్ వేడెక్కుతుంది. అందుకే వాడని ప్రతి ఇన్‌పుట్‌నూ సప్లైకో గ్రౌండుకో కట్టి తీరాలని డేటాషీట్లు ఆదేశించాయి. గ్రౌండు నమ్మకం బలపడింది అక్కడే. డిజిటల్ చిప్‌లకు ఆ ఆదేశం ఈనాటికీ చెల్లుతుంది.

ఆప్‌ యాంపుల (ఆపరేషనల్ యాంప్లిఫయర్ల) దగ్గర మాత్రం చెల్లదు. 1970ల తొలినాళ్లలో నేషనల్ సెమికండక్టర్ తెచ్చిన ఎల్‌ఎం324లో నాలుగు యాంప్లిఫయర్లుంటాయి. దాని నాలుగో యాంపు మిగిలిందనుకుందాం. 12, 13 పిన్నులు రెండిటినీ గ్రౌండ్ చేస్తే రెండు ఇన్‌పుట్లూ సమానమేగా అనిపిస్తుంది. కానీ లోపలి ట్రాన్సిస్టర్ల మధ్య ఒకటి రెండు మిల్లీవోల్టుల తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ యాంపు గెయిన్ సుమారు లక్ష రెట్లు. 2 మిల్లీవోల్టులను లక్షతో హెచ్చవేస్తే 200 వోల్టులు! అంత ఇవ్వడం దాని తరం కాదు కనుక అవుట్‌పుట్ పోయి సప్లై వోల్టేజి అంచుల్లో ఏదో ఒకదానికి అతుక్కుంటుంది. ఏ అంచుకన్నది ఆ ముక్కను బట్టి, వేడిని బట్టి మారుతుంది. పిన్నులను గాలికి వదిలేస్తే ఇంకా అన్యాయం: హమ్మును పట్టుకుని అంచు నుంచి అంచుకు కొట్టుకుంటుంది, ఒకే సప్లై పంచుకునే పక్క యాంపుల్లోకీ ఆ మోత పాకగలదు.

మందు చాలా చిన్నది. 14వ పిన్ను అవుట్‌పుట్‌ను 13కు కలిపి, 12ను సప్లైలో సగం వోల్టేజి దగ్గర నిలపాలి. ప్లస్, మైనస్ రెండు సప్లైలూ ఉంటే ఆ సగం గ్రౌండే. ఒకే సప్లై మీద నడిచే ఆడియో బోర్డులో సగం వోల్టేజి ఎలాగూ తయారై ఉంటుంది కనుక అదనంగా ఒక్క రెసిస్టరూ అక్కర్లేదు. ఒక్క రాగి గీత గీస్తే అయిపోయేదానికి బద్ధకించడం నాకు అసలు మింగుడుపడదు.

1997లో ఇంటెల్ ఏసీ’97 ప్రమాణాన్ని పాటించే కోడెక్‌లు (ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే చిప్‌లు) కంప్యూటర్లలోకి వచ్చాయి. లైన్, సీడీ, వీడియో, ఆక్స్, రెండు మైకులు... పిన్నులు బోలెడు, బోర్డు మీద సాకెట్లు మూడో నాలుగో. ఈ అనలాగ్ ఇన్‌పుట్లను చిప్ తనంతట తానే ఒక మధ్య వోల్టేజి దగ్గర నిలుపుకుంటుంది. నేరుగా గ్రౌండ్ చేస్తే ఆ నిలకడ చెడుతుంది. కనుక కెపాసిటర్ ద్వారా గ్రౌండ్ చెయ్యడం ఒక పద్ధతి: డీసీ అలాగే ఉంటుంది, హమ్ము మాత్రం దిగిపోతుంది. కొన్ని చిప్‌లకు ఊరికే వదిలెయ్యమనే తయారీదారు చెబుతాడు, అక్కడ అదే పాటించాలి.

2004లో వచ్చిన హెచ్‌డీ ఆడియోతో ఖాళీ పిన్ను సాఫ్ట్‌వేర్‌లోకీ ఎక్కింది. ఏ పిన్నుకు సాకెట్ ఉందో, దేనికి లేదో చెప్పే చిన్న పట్టికను బోర్డు తయారీదారు బయోస్ ద్వారా కోడెక్‌కు అందించాలి. ఆ పట్టికను సరిగా నింపకపోతే, కంప్యూటర్ సౌండ్ సెట్టింగుల్లో బోర్డు మీద ఎక్కడా లేని సాకెట్ పేరు కనిపిస్తుంది.