రోమ్ నగరంలో ఆగస్టు

మన పిల్లలకు బడికి పెద్ద సెలవులు దొరికేది ఎండాకాలంలోనే కాబట్టి, తెలుగు కుటుంబం యూరప్ వెళ్లాలనుకుంటే మొదట చూసేది మే, జూన్ నెలలే. రోమ్, ఫ్లోరెన్స్, నేపుల్స్, డబ్బులు మిగిలితే ఏథెన్స్. షెంగెన్ వీసా స్లాటు దొరకడం ఆలస్యమైతే యాత్ర కాస్తా ఆగస్టుకు జరుగుతుంది. ఇదే ప్రయాణ పట్టికను 200 ఏళ్ల కిందటి ఆంగ్లేయ జమీందారు ఎవరికైనా చూపిస్తే, వీలునామా రాసి మరీ బయల్దేరుతున్నారా అని అడిగేవాడు.

ఆ కాలపు సంపన్నులు తమ కుర్రాళ్లను చదువు ముగింపుగా ఇటలీ పంపేవాళ్లు. దానికి గ్రాండ్ టూర్ అని పేరు. శీతాకాలం రోమ్‌లో గడిపి, కార్నివాల్ సంబరాలూ ఈస్టర్ ముందు వారంలో జరిగే పూజలూ చూసుకుని, ఎండలు ముదరకముందే ఊరు దాటేయాలి. వేసవిలో కూడా రోమ్‌ను వదలనివాళ్లు లేకపోలేదు. జర్మన్ కవి గోథే 1787 వేసవి అక్కడే గడిపాడు. కానీ అలాంటివాళ్లు అరుదు.

వాళ్ల భయం ఎండను చూసి కాదు, గాలిని చూసి. ఇటాలియన్ భాషలో ‘మాల’ అంటే చెడ్డది, ‘ఆరియా’ అంటే గాలి. రెండూ కలిస్తే మలేరియా. రోమ్ చుట్టూ కంపాన్యా అనే మైదానం, దానికి దక్షిణాన పోంటైన్ చిత్తడి నేలలు. ఎండాకాలంలో ఆ నేలలోంచి విషపు ఆవిరి లేస్తుందనీ, పొద్దుగూకాక అది పీల్చినవాడికి జ్వరం తప్పదనీ నమ్మకం. మన మన్యంలో చలిజ్వరం అనేవాళ్లే, అదే ఇది. చీకటి పడకముందే ఇల్లు చేరి కిటికీలు మూసుకోవాలని పెద్దలు చెప్పేవాళ్లు. కారణం తప్పైనా జాగ్రత్త మాత్రం సరైనదే.

పోప్‌లకూ మినహాయింపు లేదు. వాటికన్ పల్లంలో ఉంది. అందుకే 1583లో, గాలి బాగా ఆడే క్విరినాలే గుట్ట మీద వాళ్లకు వేసవి విడిది కట్టడం మొదలైంది. ఇప్పుడు ఇటలీ రాష్ట్రపతి ఉండేది ఆ భవనంలోనే. 1623లో మాత్రం పోప్ ఎన్నిక జులై, ఆగస్టుల్లో పడింది. తలుపులు బిగించుకుని ఓట్లు వేస్తున్న కార్డినళ్లకు జ్వరాలు పట్టుకున్నాయి, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. గెలిచిన ఎనిమిదో అర్బన్ కూడా మంచం పట్టాడు. తేరుకున్నాక ఆయన వేసవికి ఊరికి దూరంగా, కొండల మధ్య సరస్సు ఒడ్డునున్న కాస్టెల్ గాండోల్ఫో చేరుకోవడం మొదలుపెట్టాడు.

ఊరు వదిలి పోలేనివాళ్ల సంగతేమిటి? వాళ్ల కోసం 1652 నుంచి ఒక వేడుక నడిచింది. ఆగస్టు వారాంతాల్లో నవోనా కూడలిలోని ఫౌంటెన్ల తూములు మూసేసేవాళ్లు. నీళ్లు పొంగి కూడలి చెరువయ్యేది. పెద్దింటివాళ్లు బండ్లను ఆ నీళ్లలో తిప్పుతుంటే, పిల్లలు ఈతలు కొట్టేవాళ్లు. 1866 వరకూ సాగింది ఈ సరదా. జ్వరానికి ఇంతగా భయపడే ఊళ్లో నిలవ నీటితో పండగ చేసుకోవడం ఈనాటి మనకు వింతగానే ఉంటుంది.

హెన్రీ జేమ్స్ 1878లో రాసిన ‘డైసీ మిల్లర్’ కథలో అమెరికా అమ్మాయి ఒక రాత్రి కొలోసియం చూడటానికి వెళ్లి, రోమ్ జ్వరం తగిలి చనిపోతుంది. రాత్రి షికారు చావుకెందుకు దారితీసిందో ఆనాటి పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఈ జ్వరం ఎలా అంటుతుందన్న చిక్కుముడి విప్పే కొస దొరికింది రోమ్‌లో కాదు, సికిందరాబాదులో. 1897 ఆగస్టులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ బేగంపేట ఆసుపత్రి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని దోమల్ని కోస్తున్నాడు. వర్షాకాలపు ఉక్క. పంకా వేస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి అదీ లేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని తర్వాత ఆయనే రాసుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కూలి, దోమకు ఒక అణా. అలా రక్తం తాగిన ఒక దోమ కడుపు గోడలో, ఆగస్టు 20న, రాస్‌కు మలేరియా క్రిమి కనిపించింది. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది, ఆయన పేరే పెట్టారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి, జబ్బును మోసేది దోమేనని ఆయన నిరూపించాడు. 1898లోనే గ్రాస్సీ, బిన్యామి, బాస్టియనెల్లి అనే ఇటాలియన్ శాస్త్రజ్ఞులు మనుషుల మలేరియాకు కారణం అనాఫిలస్ దోమ అని తేల్చారు. ఘనత ఎవరిదని రాస్, గ్రాస్సీ జీవితాంతం తిట్టుకున్నారు. 1902 నోబెల్ బహుమతి మాత్రం రాస్ ఒక్కడికే వచ్చింది.

అయినా జనం నమ్మాలి కదా. 1900 వేసవిలో రాస్ గురువు పాట్రిక్ మాన్సన్ ఒక పరీక్ష ఏర్పాటు చేశాడు. జ్వరాలకు పేరుమోసిన ఓస్టియా దగ్గర, దోమ దూరని జాలీ బిగించిన చెక్క గుడిసె వేయించాడు. లో, సాంబన్ అనే ఇద్దరు వైద్యులు అందులో మకాం పెట్టారు. పగలు బయట తిరిగారు, పొద్దుగూకగానే లోపలికి చేరారు. రాత్రంతా అదే ‘విషపు గాలి’ పీల్చారు. అక్టోబరు దాకా ఒక్కరికీ జ్వరం రాలేదు. అదే ఏడు రోమ్‌లో రోగిని కుట్టిన దోమల్ని డబ్బాల్లో లండన్ తెప్పించి, మాన్సన్ తన కొడుకునే కుట్టనిచ్చాడు. కుర్రాడికి మలేరియా వచ్చింది. ఏ తండ్రైనా చేయదగిన పనేనా అన్నది వేరే మాట.

కారణం తెలిసినంత మాత్రాన రోగం పోలేదు. ఇటలీ ప్రభుత్వం పొగాకు దుకాణాల్లో క్వినైన్ అమ్మించింది. పోంటైన్ చిత్తడి నేలల్ని 1930లలో ఎండగట్టి లిట్టోరియా పట్టణం కట్టారు, ఇప్పుడు దాని పేరు లాటినా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఆ నేలల్ని మళ్లీ ముంచేసరికి జ్వరాలు తిరిగొచ్చాయి. యుద్ధం తర్వాత డీడీటీ చల్లారు. మలేరియా లేని దేశంగా ఇటలీకి గుర్తింపు వచ్చేసరికి 1970 అయింది.

ఈలోగా సముద్ర తీరంలో యాత్రల క్యాలెండరే తిరగబడింది. ఫ్రాన్స్‌లోని నీస్ నగరం అంతకుముందు చలికాలపు విడిది. విక్టోరియా రాణి వచ్చినా చలికాలం చివర్లోనే. ఎండలు ముదిరితే హోటళ్లకు తాళాలు పడేవి. 1923లో జెరాల్డ్, సారా మర్ఫీ అనే అమెరికన్ దంపతులు నీస్ దగ్గరి ఆంటీబ్‌లోని హోటల్ దు కాప్‌ను వేసవిలోనూ తెరిచి ఉంచమని యజమానిని ఒప్పించారు. అక్కడి గరూప్ తీరంలో పేరుకున్న సముద్రపు నాచును జెరాల్డే రోజూ ఎత్తిపోశాడు. వాళ్ల వెంట రచయితలు, చిత్రకారులు వచ్చారు. అంతవరకూ కూలివాళ్ల గుర్తుగా ఉన్న ఎండకు కమిలిన ఒళ్లు కాస్తా ఫ్యాషనైంది. 1936లో ఫ్రెంచి కార్మికులకు జీతంతో రెండు వారాల సెలవు చట్టమయ్యాక, చాలామంది అప్పుడే మొదటిసారి సముద్రం చూశారు.

దోమ భయం పోయాక మిగిలింది ఎండ. 2021 ఆగస్టు 11న సిసిలీలోని సిరక్యూజ్ దగ్గర 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండంలో ఇంతవరకూ అదే రికార్డు. ఎండలకు పేరుమోసిన మన రెంటచింతలవాళ్లకు కూడా గౌరవం కలిగే అంకె. 2023 జులైలో ఏథెన్స్‌లో అక్రోపోలిస్ గేట్లు మధ్యాహ్నం పూట మూసేశారు. ఆ ఎండలో నిలబడలేమని కాపలా సిబ్బంది కొన్ని గంటలు పని ఆపేశారు. గుట్ట కింద టిక్కెట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డ యాత్రికులకు రెడ్‌క్రాస్ కార్యకర్తలు నీళ్ల సీసాలు పంచుతూ తిరిగారు.