డోర్నకల్‌లో పెద్దలు తయారైన కథ



చెన్నై నుంచి కాజీపేట మీదుగా ఢిల్లీ పోయే బండ్లు డోర్నకల్ దాటే పోతాయి. రైల్వేలో పనిచేసిన మాకు డోర్నకల్ అంటే కొత్తగూడెం లైను చీలే జంక్షన్, బొగ్గు వ్యాగన్లు, అంతే. ఆ ఊరికి మన తిరునల్వేలితో ముడి ఉందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మన మనుషులు, మన డబ్బు, మన నిర్వాహం అన్నది వాళ్ల పట్టుదల. పనికి ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. పెట్టినవారిలో ఒకరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1874లో పుట్టిన తమిళుడు. 1909లో తానే అక్కడికి వచ్చేశారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు పల్లెల్లో కాపురం, తెలుగులోనే బోధ! తమిళంలో చదువుకుని, ఇంటి తెలుగును ఇప్పుడు కూడబలుక్కుని రాస్తున్న మాకు అది ఎంత కష్టమో తెలుసు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా చేశారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. భారతీయుడి కింద తెల్లవాళ్లు ఎలా పనిచేస్తారని కొందరు మిషనరీలు అడ్డు చెప్పారు.

ఆ పల్లెల్లో చర్చిలో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కూలీలు. అక్షరం రానివాళ్లే చాలామంది. వాళ్ల మీద బయటి పాస్టరును పెట్టేస్తే పని తేలిక. అజరయ్యగారు అలా చేయలేదు. ముందు పల్లెకో ఉపదేశి. బడి చెప్పాలి, ప్రార్థన నడపాలి. ఆ పనిలో ఏళ్ల తరబడి నిలబడినవాళ్లను డోర్నకల్‌కు పిలిచి వేదశాస్త్రం చదివించి పాస్టర్లను చేశారు. అంటే పరీక్ష ముందు, పదవి తరవాత. భార్యలకు కూడా అక్కడే శిక్షణ. ఇల్లు నడపడం రానివాడు సభను ఎలా నడుపుతాడని తిమోతికి రాసిన పత్రికలోనే ఉంది కదా. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ శత్రువులని ఊరూరా చెప్పేవారు. వంట చేసేటప్పుడు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి పెడితే అది చర్చికి. పేదవాళ్లయినా తమ పాస్టరును తామే పోషించాలన్నది లెక్క.

1924 నాటికి అక్కడ ఇంగ్లీషు పాస్టర్లు 8 మంది, భారతీయులు 53 మంది. అంతా సాఫీగా సాగిందని చెప్పం. మాల మాదిగ పట్టింపు చర్చి గుమ్మం దాటి లోపలికీ వచ్చింది. చర్చిలన్నీ ఒకటి కావాలని ఆయన చాలా పాటుపడ్డారు. 1945 జనవరి 1న పోయారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరులో, చూడలేకపోయారు. ఆయన తయారుచేసినవాళ్లు మాత్రం ఉన్నారు, పని ఆగలేదు.

ఇది చదివాక మన కమిటీ జ్ఞాపకం వచ్చింది. ఎన్నో ఏళ్లుగా అవే ముఖాలు, అందులో మాదీ ఒకటి. పొంగల్ ముందు మీటింగులో లెక్కల పుస్తకం ఒక పాతికేళ్ల పిల్లకు ఇద్దామని అడగబోతున్నాం. తప్పు రాస్తే పక్కన కూర్చుని దిద్దుతాం.