31 రోజుల ముస్తాబు

తెలుగు వికీపీడియా పాత పుటల సోర్సులో స్టైల్‌షీట్ చిరునామా చివర 2678400 అని ఒక అంకె ఉండేది. రోజుకుండే 86400 సెకన్లతో భాగిస్తే సరిగ్గా 31. పుట ముస్తాబును నిర్ణయించే ఈ స్టైల్‌షీట్‌ను, అంటే సీఎస్‌ఎస్‌ను, 31 రోజులు దాచుకోవచ్చని బ్రౌజర్‌కు సెకన్ల లెక్కలో ఇచ్చిన అనుమతి అది! ఒత్తులు తెగిపోతున్నాయని నిర్వాహకులు వరుసల మధ్య ఎడం పెంచితే, విశాఖ ద్వారకానగర్ నెట్ సెంటర్లో ఒక సిస్టమ్‌లో కొత్త ముస్తాబు, పక్కదాంట్లో పాతది కనిపించడానికి అదే కారణం.

దాచుకునే ఏర్పాటు సీఎస్‌ఎస్ అంత పాతది. హోకన్ లీ స్టైల్‌షీట్ల ప్రతిపాదన చేసింది 1994లో. బ్రౌజర్లు, సర్వర్లు మాట్లాడుకునే నియమావళిలో, 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0లోనే, గడువు తేదీ, 'మారితేనే పంపు' అనే అభ్యర్థన ఉన్నాయి. గడువు చెప్పకపోతే బ్రౌజరే ఊహించుకుంటుంది. ఫైలు మారి వంద రోజులైతే ఇంకో పది రోజులు మారదులే అనుకోవడం మామూలు లెక్క.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం 2000ల రెండో సగం. వికీపీడియాను నడిపే మీడియావికీలో స్టైల్ వెర్షన్ అనే అంకె ఒకటుండేది. సీఎస్‌ఎస్ మార్చిన ప్రోగ్రామరే దాన్ని చేత్తో ఒకటి పెంచాలి. చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత ఆ అంకె మారగానే బ్రౌజర్‌కు అది కొత్త చిరునామా. దాచినదాన్ని వదిలి మళ్లీ తెచ్చుకునేది. పెంచడం మరిచిపోతే, దాచుకున్నవాళ్లకు గడువు తీరేదాకా పాతదే. అది 303 దాకా వెళ్లింది. ఒక మనిషి పూనుకుని మార్చిన గుర్తు ప్రతి పుటలో, చదవగలిగిన వాళ్లందరికీ కనిపించేది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీలోనూ అంతే.

2011లో మీడియావికీలో రిసోర్స్‌లోడర్ వచ్చి ఆ పని యంత్రానికిచ్చింది. అదే ఏడు రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 3.1 వెర్షన్, ఫైల్లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టిన అక్షరాల గుంపును వేలిముద్రలా ఫైలు పేరులోనే చేర్చింది. ప్రశ్నార్థకమున్న చిరునామాలను మధ్యలో ఉండే కొన్ని ప్రాక్సీ సర్వర్లు దాచేవి కావు మరి. ఇప్పటి పద్ధతి నిస్సందేహంగా మేలు: ఫైల్లో అక్షరం మారితే గుర్తూ మారుతుంది, మరుపుకు తావు లేదు. కానీ ఆ అక్షరాల గుంపు ఎవరికీ ఏమీ చెప్పదు. ఎన్నో మార్పో తెలియదు, ముందేదో వెనకేదో తెలియదు. 303 చెప్పేది. దాన్ని పోగొట్టుకోవడం నాకు నష్టంగానే తోస్తుంది.

2017లో 'ఇక మారదు' అని బ్రౌజర్‌కు ఖాయంగా చెప్పే మాట కూడా ప్రమాణాల్లో చేరింది. అయినా తెలుగు వికీలో మీ సొంత సీఎస్‌ఎస్ పుట తెరిస్తే, మార్పులు కనబడాలంటే బ్రౌజర్ దాచిన ప్రతిని దాటి కొత్తగా తెప్పించుకోమని సూచన ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఆర్.