1962: గీత ఒక చోట, రోడ్డు ఇంకో చోట

ఫ్రెండ్స్, 1962 భారత్-చైనా యుద్ధానికి కారణాలు రాయమంటే మనలో చాలామంది ఒకే వరసలో రాస్తాం. పంచశీల, హిందీ-చీనీ భాయీ భాయీ, చైనా నమ్మకద్రోహం, చివర్లో కృష్ణ మీనన్ రాజీనామా. నేనూ ఒక టెస్టులో అదే రాశాను. సగం మార్కులు కూడా రాలేదు. దిద్దినవారు పక్కన ఒక్క ముక్క రాశారు: గొడవ ఏ భూమి గురించో ఎక్కడా లేదని. కోపం వచ్చింది. తర్వాత చూసుకుంటే నిజమే, ఆన్సర్ మొత్తంలో ఒక్క కొండ పేరు కూడా లేదు. అందుకే మ్యాప్ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. మీరూ ఒక అట్లాస్ తెరవండి.

ముందు పడమర వైపు, లడఖ్ చూడండి. అక్సాయ్ చిన్ చాలా ఎత్తున ఉండే ఉప్పునేల, మనుషులు దాదాపు ఉండరు. బ్రిటిష్ వాళ్లు అక్కడ ఒకే గీత మీద నిలబడలేదు. 1865 నాటి జాన్సన్ గీత దాన్ని కశ్మీర్‌లో చూపింది. 1899 నాటి మెకార్ట్నీ-మెక్‌డొనాల్డ్ ప్రతిపాదన అందులో ఎక్కువ భాగాన్ని చైనాకు వదిలేసింది. చైనా దానికి జవాబే ఇవ్వలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన మ్యాపుల్లో ఆ వైపు సరిహద్దు ‘నిర్ణయం కాలేదు’ అనే ఉండేది. 1954 ఏప్రిల్ 29న కుదిరిన పంచశీల ఒప్పందంలో సరిహద్దు ఊసే లేదు. కొద్ది నెలలకే, జూలైలో, పాత మ్యాపులు తీసేసి స్పష్టమైన గీతతో కొత్తవి వేయమని, ఆ గీత ఎవరితోనూ చర్చకు పెట్టేది కాదని నెహ్రూ నోట్ రాశారు.

మనం మ్యాపు మార్చుకుంటుంటే చైనా అదే నేల మీదుగా షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు రోడ్డు వేసింది. 1957లో అది పూర్తయిందని వాళ్లే ప్రకటించుకున్నారు. మన నిరసన నోట్ వెళ్లింది 1958 అక్టోబరులో! టిబెట్‌లో పట్టు నిలుపుకోవాలంటే చైనాకు ఆ రోడ్డు కావాలి. మనకు అక్కడ గీత ఉంది కానీ కాపలా లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే పడమర సెక్టార్ సగం వచ్చేసినట్టే.

ఇక తూర్పు. 1914 మార్చిలో బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి హెన్రీ మెక్‌మహన్, టిబెట్ ప్రతినిధి లోన్‌చెన్ శాత్రా లేఖలు మార్చుకుని ఒక గీత ఒప్పుకున్నారు. చైనా ఒప్పుకోలేదు. ఆ మ్యాపు స్కేలు అంగుళానికి 8 మైళ్లు. ఇంజినీరింగ్ బుద్ధి ఎక్కడికి పోతుంది, నేను వెంటనే లెక్క వేశాను. మ్యాపులో 1 మిల్లీమీటరు అంటే నేల మీద దాదాపు అర కిలోమీటరు. పెన్ను పాళీ మందంలోనే ఒక కొండవాలు ఇమిడిపోతుంది.

ఆ గీత వెనకున్న సూత్రం ఎత్తైన శిఖరాల వరస, అంటే నీళ్లు రెండు వైపులకూ విడిపోయే చోటు. కానీ తవాంగ్‌కు పడమర, భూటాన్ మూల దగ్గర, గీసిన గీత ఆ శిఖరాల వరసతో కలవలేదు. అక్కడి థగ్లా కొండవరస గీతకు ఉత్తరాన పడింది. సూత్రం ప్రకారం సరిహద్దు థగ్లానే అని మన వాదన. మీరు చూపించే మ్యాపు ప్రకారమే అది మాది అని చైనా వాదన. యుద్ధం మొదలైంది సరిగ్గా ఈ కొండ కిందే.

మధ్యలో రాజీకి ఒక అవకాశం వచ్చింది. 1960 ఏప్రిల్‌లో చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి, తూర్పు మీరు ఉంచుకోండి, పడమర మాకు వదలండి అన్న అర్థం వచ్చేలా సూచించారు. నెహ్రూ ఒప్పుకోలేదు. అప్పటికి విదేశాంగ శాఖ చరిత్ర విభాగం అధిపతి సర్వేపల్లి గోపాల్, రాధాకృష్ణన్ గారి కుమారుడు, లండన్ దస్తావేజులు చూసి వచ్చి మన వాదన బలమైనదని చెప్పారు. నెహ్రూది మొండితనం అని తేల్చేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. నాకు అంత తేలిగ్గా అనిపించదు. 1959 మార్చిలో దలైలామా మన దేశానికి వచ్చారు. అదే ఏడు అక్టోబరు 21న కోంగ్కా లా దగ్గర మన పోలీసులు చనిపోయారు. ఏటా ఆ రోజు మనం జరుపుకునే పోలీసు అమరవీరుల దినం అక్కడి నుంచి వచ్చిందే. ఆ తర్వాత భూమి వదిలానని పార్లమెంటుకు చెప్పగల ప్రధాని ఎవరు?

తప్పు నాకు కనిపించేది తర్వాతి అడుగులో. 1961 నవంబరులో ఫార్వర్డ్ పాలసీ మొదలైంది. ముందుకు వెళ్లి చిన్న చిన్న పోస్టులు పెట్టడం, చైనా కాల్పులు జరపదులే అనుకోవడం. వాళ్ల పోస్టులకు లారీల్లో సరుకు వచ్చేది, మన పోస్టులు చాలావాటికి విమానం నుంచి జారవిడవాలి. 1962 జూన్‌లో థగ్లా కింద నామ్కా చు వాగు దగ్గర ధోలా పోస్టు పెట్టారు. సెప్టెంబరు 8న చైనా సైనికులు దిగి వచ్చారు. వాళ్లను ఖాళీ చేయించమని 7వ బ్రిగేడ్‌ను పంపారు. మన రోడ్డు తవాంగ్‌తో ఆగిపోయింది, ఆపైన రోజుల తరబడి నడకే. చాలామంది ఒంటి మీద నూలు యూనిఫాం. పై కొండ శత్రువు చేతిలో, మనవాళ్లు వాగు ఒడ్డున. ఇవన్నీ తెలిసి కూడా అక్టోబరు 12న సిలోన్ వెళ్తూ నెహ్రూ, ఖాళీ చేయించమని ఆదేశించామని విలేకరులకు చెప్పారు. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి జరిగింది. ఆ ఉదయమే బ్రిగేడ్ చెదిరిపోయింది. రెండు రోజులకు బ్రిగేడియర్ జాన్ దాల్వీ బందీ అయ్యారు.

నవంబరులో సే లా, బొమ్‌డిలా పోయాయి. లడఖ్‌లోని రెజాంగ్ లా మాత్రం విడిగా గుర్తుంచుకోండి. నవంబరు 18న అక్కడ మేజర్ షైతాన్ సింగ్, 13 కుమావ్ చార్లీ కంపెనీ దాదాపు చివరి మనిషి వరకూ పోరాడారు. ప్రభుత్వ లెక్కలో మొత్తం యుద్ధంలో చనిపోయినవారు 1,383, ఆచూకీ దొరకనివారు 1,696.

నవంబరు 21న చైనా తానే కాల్పులు ఆపేసింది. ఎక్కడి నుంచి వెనక్కి వెళ్లిందో చూడండి. తూర్పున గెలిచిన నేలంతా వదిలి మెక్‌మహన్ గీత అవతలకు పోయింది. పడమర అక్సాయ్ చిన్ మాత్రం వదల్లేదు. చలికాలంలో కనుమలు మూసుకుపోతే తూర్పున అంత ముందుకొచ్చిన సైన్యాన్ని పోషించడం కష్టం, అదీ ఒక కారణం. కానీ 1960లో అడిగిన బేరాన్నే 1962లో బలంతో తీసుకున్నారని నా అంచనా.

గల్వాన్ పేరు మనలో చాలామంది 2020 జూన్‌లో, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులు చనిపోయినప్పుడే విన్నాం. ఆ లోయలో 1962 జూలైలోనే మన గూర్ఖా పోస్టును చైనా సైన్యం చుట్టుముట్టింది.

ప్రాక్టీస్ ప్రశ్న: ‘1962 యుద్ధంలో తూర్పు, పడమర సెక్టార్ల వివాదాలు ఒకే రకమైనవి కావు.’ చర్చించండి, 250 పదాల్లో. ఆన్సర్‌లో చిన్న మ్యాప్ వేసి అక్సాయ్ చిన్ రోడ్డు, థగ్లా, రెజాంగ్ లా గుర్తించండి. రాసినవాళ్లు పంపితే నేను చదువుతాను.