దారి మధ్యలో దొంగ సంకేతం

విద్యార్థులారా, మీరు టెలిఫోన్‌లో మాట్లాడుతుండగా మూడో వ్యక్తి మీ గొంతుతో "ఇక పెట్టేస్తున్నాను" అన్నాడనుకోండి. అవతలివారు నిజమేననుకుని పెట్టేస్తారు. 2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ సంస్థ ఇంటర్నెట్‌లో చేసింది ఇదే.

2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఒక ఫైలు ముక్కలుగా అనేక కంప్యూటర్ల మధ్య చేతులు మారుతుంది. దింపుకొనేవాడే పంచేవాడు కూడా. రద్దీ పెరుగుతోందంటూ కొన్ని కంపెనీలు ఈ ముక్కలను గుర్తుపట్టి వేగం తగ్గించసాగాయి. 2006 నాటికి సాఫ్ట్‌వేర్ రచయితలు విరుగుడుగా ఎన్‌క్రిప్షన్ తెచ్చారు. కానీ ఉత్తరానికి కవరు వేసినంత మాత్రాన, ఒకే ఇంటి నుండి వందల ఉత్తరాలు వెళ్తుంటే పోస్ట్‌మ్యాన్ కంట పడదా?

రాబ్ టోపోల్‌స్కీ అనే నెట్‌వర్క్ నిపుణుడు పాతకాలపు బృందగానాల రికార్డులు పంచుకోబోతే అవి కదలలేదు. ప్యాకెట్లను విప్పి చూస్తే, సంబంధం తెంచమనే 'రీసెట్' సంకేతాలు కనిపించాయి. అవి అవతలి కంప్యూటర్ పంపినవి కావు! వాటిని పట్టించుకోవద్దని మన కంప్యూటర్‌కు చెప్పుకోవచ్చు. అవతలివారూ అలా చేస్తేనే ఫలితం. ఆ అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ బైబిల్ ప్రతిని పంపి చూసి, ఇదే నిర్ధారించింది. నా దృష్టిలో ఏ విరుగుడు కన్నా ఈ రుజువే గొప్పది.

2008 ఆగస్టులో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఆ పద్ధతిని ఆపమంది. కమిషన్‌కు ఆ అధికారం లేదంటూ 2010 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికే కామ్‌కాస్ట్ దాన్ని మానుకుంది.